పెద్దబాపు కుడిచెవి

ఆ రోజు పొద్దున పాపకు టిఫిన్ డబ్బా సర్దుతుంటే పెద్దమ్మ ఫోన్ చేసింది.

"మీ పెద్దబాపు ఇంటలేడు బిడ్డా," అంది.

నాకేమీ కంగారు కలగలేదు. ఆయనకు వినబడదన్న మాట నేను పుట్టినప్పటి నుంచి మా ఇంట్లో ఉన్నదే. "చెవి మిషన్ పెట్టుకోలేదేమో పెద్దమ్మా, భుజం తట్టి చూడు," అన్నాను, ఇంకో చేత్తో రొట్టెలు చుడుతూ.

"తట్టిన బిడ్డా. మిషన్ గూడ నేనే పెట్టిన చెవుల. పేరు పెట్టి పిలిచిన. ఇంటలేడు."

పెద్దమ్మ ఆయనను పేరు పెట్టి పిలవడం నేను ఎన్నడూ వినలేదు. అప్పుడు అర్థమైంది నాకు. డబ్బా మూత పెట్టకుండానే చెప్పులు వేసుకున్నాను.

సూరత్‌లో నేనుండే అడాజన్ నుంచి వాళ్ళ లింబాయత్‌కు నేను చేరేసరికి గల్లీలోని డాక్టరు వచ్చి చూసి వెళ్ళిపోయాడు. నిద్రలోనే పోయాడట. పెద్దబాపు ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్ళు కాస్త ముడుచుకుని, ఎప్పుడూ పడుకునేటట్టే పడుకుని ఉన్నాడు. పైకి ఉన్న కుడిచెవిలో మిషన్ ఉంది. దాన్ని తియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. చివరికి నేనే తీశాను.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న. సిరిసిల్ల దగ్గరి ఒక పల్లె నుంచి మీసాలు సరిగా రాని వయసులో సూరత్‌కు వచ్చి, ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ పవర్‌లూమ్స్ నడిపాడు. చివరి ఏళ్ళలో ఊరి శివారు ప్రాంతమైన సచిన్‌లోని ఒక కార్ఖానాలో చేశాడు. వాళ్ళకు పిల్లలు లేరు. రెండు గదుల ఇంట్లో ఒక గది వాళ్ళది, ఒక గది మాది. నా చిన్నప్పుడే బాపు పోవడంతో, సైకిల్ మీద బడికి దింపడం నుంచి నా పెళ్ళిలో అల్లుడి కాళ్ళు కడగడం దాకా అన్నీ పెద్దబాపే చేశాడు.

మగ్గాలు నడిచే చోట పక్కవాడి గొంతు పక్కవాడికి చేరదు. అక్కడివాళ్ళు పెదాలతో, వేళ్ళతో మాట్లాడుకుంటారు. రెండు వేళ్ళు ముడిచి పెదాలకు ఆనిస్తే చాయ్ అని. బొటనవేలు భుజం మీదుగా వెనక్కి చూపిస్తే సేఠ్ వస్తున్నాడని. పెద్దబాపు ఆ భాషను ఇంటికి కూడా తెచ్చుకున్నాడు, ఎందుకంటే కొన్నేళ్ళు గడిచేసరికి ఆయనకు ఇంట్లోనూ ఏమీ వినబడకుండా పోయింది. మేము ఆయన ఎదురుగా నిలబడి, పెదాలు బాగా ఆడించి మాట్లాడేవాళ్ళం. తెలుగు, హిందీ పెదాల మీద చదివేసేవాడు. గుజరాతీ మాత్రం కొందరిదే. ఇక్కడ చాలామంది పొగాకూ వక్కా కలిపిన మావా నములుతుంటారు కదా. "నోట్ల మావా పెట్టుకున్నోనితోని నాకు ముచ్చట కుదరది బిడ్డా. ఉమిసినంక రమ్మను," అనేవాడు.

పెద్దమ్మది చిన్న గొంతు. ఆమె అరిచి చెబితే గల్లీకంతా తెలుస్తుంది, అరవకపోతే ఆయనకు తెలియదు. పొయ్యి దగ్గర వంగి పనిచేసుకునే మనిషి ప్రతి మాటకూ లేచి వచ్చి ఆయన ముఖానికి ఎదురుగా నిలబడాలి. క్రమంగా చెప్పడమే మానేసింది. అన్నం, నీళ్ళు, చాయ్, తాళంచెవి, ఇంతే ఇద్దరి మధ్యా. వాళ్ళు పోట్లాడుకోగా కూడా నేను చూడలేదు. చిన్నప్పుడు దాన్ని అన్యోన్యం అనుకునేదాన్ని.

చెవి మిషన్ పెట్టిస్తానని నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి అడుగుతూనే ఉన్నాను. "నాకు ఇనవడక ఏం పని ఆగింది?" అనేవాడు. ఆయన మనసు మార్చింది మా పాప. ఒక ఆదివారం అది ఆయన ఒళ్ళో కూర్చుని, బడిలో జరిగిన ఏదో పెద్ద కథను ఆయన చొక్కా గుండీ వైపు చూస్తూ చెబుతోంది. పెదాలు కనబడక ఆయన ఊరికే తలూపుతున్నాడు. మధ్యలో అది ఆగి, తల ఎత్తి చూసింది. "తాతా, తుమ్ సున్ నహీ రహే హో. నువ్వు ఊరికే హా హా అంటున్నవ్," అంది. దానికి కోపం రాలేదు, ఏడుపు వచ్చింది. మరుసటి వారం ఆయనే అడిగాడు. "గా చెవుల డాక్టర్ దగ్గరికి పోదామా బిడ్డా? కాని ఒక్కటే మాట. ఒక్కసారి పెట్టించు, సరే. పోగొట్టుకుంటే మల్ల కొననియ్య."

పరీక్ష చేసిన డాక్టరమ్మ, ఎడమచెవిలో పెద్దగా ఏమీ మిగల్లేదని, కుడిచెవికి మాత్రం మిషన్ పెడితే మంచి ఉపయోగం ఉంటుందని చెప్పింది. రెండిటికీ పెట్టించాం. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నానికి కూర్చున్నప్పుడు పెద్దబాపు చేతిలో ముద్ద అలాగే పట్టుకుని నలువైపులా చూశాడు.

"ఏంది గా టక్ టక్ సప్పుడు?"

అది పెద్దమ్మ దవడ. నమిలినప్పుడల్లా చప్పుడు చేస్తుంది. మాకందరికీ తెలుసు.

"ఎప్పటి సంది గిట్ల?" అని ఆమెను అడిగాడు, భయపడ్డట్టుగా.

"నీకు చెవులు పోయినకాడి నుంచి," అంది పెద్దమ్మ. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. తినడం ఆపి, చాలాసేపు ఆమె నమలడాన్నే విన్నాడు.

ఆ తర్వాత పెద్దమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. మొదట్లో తనకే తెలియకుండా, కూరగాయల సంగతి అడగబోయి ఎక్కడికో వెళ్ళిపోయేది. చెల్లెలి పెళ్ళిలో ఆయన తన మీద విసుక్కున్న సంగతి, మొదటి కానుపు పోయినప్పుడు తనకు వచ్చిన కల, ఎన్నడో చచ్చిపోయిన పక్కింటావిడ తనను అన్న మాట, అన్నీ వరసగా బయటికి వచ్చాయి. ఒకసారి నేను వెళ్ళేసరికి పెద్దబాపు గడప మీద కూర్చుని ఉన్నాడు. లోపలి నుంచి ఆమె గొంతు వస్తూనే ఉంది. నన్ను చూసి మెల్లగా అడిగాడు, "బిడ్డా, గీ మిషన్ వాపసు తీసుకుంటరా?" కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. లోపలి నుంచి, "ఏమంటున్నవక్కడ?" అని వినబడగానే, "ఏం లేదు, చెప్పు చెప్పు," అన్నాడు.

ఇక డుమస్ బీచ్ సంగతి. ఆ చలికాలం ఒక ఆదివారం మధ్యాహ్నం మేమంతా సముద్రం చూడటానికి వెళ్ళాం. పాప ఒంటె ఎక్కుతానంది, తాత కూడా ఎక్కాలంది. అద్దాలు కుట్టిన గుడ్డ కప్పిన ఒంటె మీద పాపను ముందు కూర్చోబెట్టుకుని, ఆయన వెనక కూర్చున్నాడు. ఒంటె ఒక్క కుదుపుతో లేచేసరికి ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఒక చుట్టు తిరిగి వచ్చాక అందరం బండి దగ్గర ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని టమాటా భజియాలు తింటున్నాం. పెద్దమ్మ ఏదో చెబుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆయన ముఖంలో ఏమీ లేదు. వెంటనే ఆమె చూపు ఆయన కుడిచెవి మీదికి వెళ్ళింది. చెవి ఖాళీగా ఉంది.

అందరం ఇసుకలోకి వంగాం. డుమస్ ఇసుక నల్లగా ఉంటుంది, మిషన్ కూడా ముదురు బూడిద రంగే. చిక్కుడు గింజంత వస్తువు. నీళ్ళు అప్పుడే ముందుకు రావడం మొదలైంది. కాసేపు చూసి పెద్దబాపు నడుము పట్టుకుని లేచాడు.

"పోతే పోయింది తియ్యి. ఇన్నేండ్లు లేకుంటనే బతికిన," అన్నాడు.

పెద్దమ్మ ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది, పాత అలవాటులాగే. "పోతే పోయిందా? నీకేంది, నీకు ఎట్లయినా నడుస్తది. నేను మాట్లాడుడు ఇప్పుడిప్పుడే మల్ల సురువు చేసిన," అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. ఆయన ఆమె పెదాలను చివరిదాకా చూశాడు. తర్వాత మళ్ళీ ఇసుకలో కూర్చుని వెతకసాగాడు.

అప్పుడు నాకు నా పని గుర్తొచ్చింది. ఇంత సేపు ఎందుకు గుర్తు రాలేదో తెలియదు. నేను పనిచేసే చిన్న కంపెనీలో చీరల గోదాముల కోసం వైర్‌లెస్ బిళ్ళలు తయారుచేస్తాం. బట్టల మూటకు బిళ్ళ తగిలిస్తే, అది ఉండి ఉండి "నేనిక్కడున్నాను" అని గాలిలోకి ఒక చిన్న కబురు వదులుతుంది. చుట్టుపక్కల ఎవరెవరు అలా కబుర్లు వదులుతున్నారో వెతికి, ఒక్కొక్కటీ ఎంత గట్టిగా అందుతోందో కొలిచే కోడ్ రాయడం నా పని. ఫోన్‌కు కలిసే చెవి మిషన్ కూడా బ్లూటూత్‌లో అలాంటి కబురే వదులుతుంది. ఆఫీసు లాప్‌టాప్ ఆదివారం కూడా నన్ను వదలదు, కారులోనే ఉంది.

కారు బానెట్ మీద దాన్ని తెరిచి, పని కోసం రాసుకున్న కోడ్‌లోంచి అక్కర్లేనిది తీసేశాను. మిగిలింది కొద్ది వరసలే. చుట్టూ ఉన్న పరికరాలను వెతుకు, ఒక్కొక్కదాని పేరూ సిగ్నల్ బలమూ చూపించు, ఆగకుండా మళ్ళీ వెతుకు. పెద్దబాపు ఫోన్‌లో బ్లూటూత్ ఆపేశాను, ఫోన్‌తో ముడిపడి ఉంటే మిషన్ బయటికి కబురు వదలకపోవచ్చు. ఎడమచెవి మిషన్‌ను కూడా తీయించి దాని డబ్బాలో పెట్టాను, రెండూ పలికితే ఏది ఏదో తెలియదు. ఇప్పుడు ఆయనకు ఏమీ వినబడదు. ఆయన నా పక్కనే, నా నోరు కనబడే వైపు నిలబడ్డాడు.

కోడ్ నడపగానే తెర నిండిపోయింది. ఆ సముద్రం ఒడ్డున ఎన్ని ఇయర్‌బడ్స్, ఎన్ని వాచీలు, ఎన్ని స్పీకర్లో! ఎవరో తమ స్పీకర్‌కు "హాథ్ మత్ లగానా", అంటే ముట్టుకోవద్దు, అని పేరు పెట్టుకున్నారు. పెద్దబాపు ఆ జాబితా చూసి, "గీల్లందరు గీడనే ఉన్నరా?" అని ఆశ్చర్యపోయాడు. చెవి మిషన్ పేరు ఉన్నవాటిని మాత్రమే చూపించమని ఇంకో వరస కలిపాను. తెర ఖాళీ అయింది. కాసేపు ఖాళీగానే ఉంది. తర్వాత ఒకే ఒక్క పేరు వచ్చింది, దాని పక్కన మైనస్ ఎనభై ఎనిమిది.

"ఉంది!" అన్నాను. "దూరంగా ఉంది, కానీ ఉంది."

లాప్‌టాప్‌ను రెండు చేతుల మీదా పళ్ళెంలా పట్టుకుని ఇసుకలో నడుస్తుంటే జనం నన్నే చూశారు. పెద్దబాపు తెరలోకి వంగి, "ఎనబై ఎనిమిదంటే ఎక్కువనా, తక్కువనా?" అని అడిగాడు.

"ముందు మైనస్ ఉంది కదా పెద్దబాపు. అంకె చిన్నదవుతుంటే మనం దగ్గరికి పోతున్నట్టు."

"అంకె చిన్నగైతే దగ్గరనా? గిదేం లెక్క?"

 "బాయిల నీళ్ళు అనుకో," అన్నాను. "ఎనభై ఎనిమిది అంటే నీళ్ళు బాగా లోతుల ఉన్నట్టు. నలభై అంటే చేతికి అందేటట్టు."

ఆయన ముఖం విప్పారింది. అప్పటి నుంచి అడిగిందల్లా ఒకటే. "నీళ్ళు ఎంతల ఉన్నయ్ బిడ్డా?"

డెబ్బై రెండు. ఎనభై. తొంభై. మళ్ళీ డెబ్బై. ఇసుకలో ఎటు నడిచినా అంకె ఒక చోట నిలవడం లేదు. మనిషి అడ్డం వచ్చినా, తడి ఇసుక మీద వంగినా సిగ్నల్‌ను మింగేసినట్టు అయిపోతుంది, అది నాకు తెలుసు. చివరి కొన్ని అంకెల సగటు తీసేటట్టు కోడ్ మార్చాను. అయినా అంతే. నాకు చిరాకు వచ్చి గబగబా నడవడం మొదలుపెట్టాను. పెద్దబాపు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఊకె తిరిగితే దొరకది. జర నిలవడు. అంకెను కుదురుకోనియ్యి."

నిలబడ్డాం. మేము కదలడం లేదు. అయినా అంకె మెల్లగా పైకి వెళ్ళింది, మెల్లగా కిందికి దిగింది, మళ్ళీ వెళ్ళింది. నా కోడ్ చెడిపోయిందనుకున్నాను. కుర్చీలో కూర్చుని మమ్మల్ని చూస్తున్న పెద్దమ్మను గట్టిగా అడిగాను, "పెద్దమ్మా, మేము నిలబడే ఉన్నాం, అది ఎట్లా దగ్గరికొచ్చి దూరం పోతోంది?"

పెద్దమ్మ ఒక్క క్షణం చూసి, "మీ ముంగట నుంచి ఒంటె పోతుంది, అస్తుంది. అదొక్కటే కదులుతున్నది ఆడ," అంది.

పాప అందరికంటే ముందు పరుగెత్తింది. ఒంటెవాడు "క్యా హువా కాకా?" అంటూ ఆపాడు. ఒంటె పక్కకు లాప్‌టాప్ తీసుకెళ్తే అది మెడ తిప్పి నన్ను అనుమానంగా చూసింది. యాభై ఐదు. నలభై ఎనిమిది. "నీళ్ళు పైకొచ్చినయ్!" అని పెద్దబాపు చిన్నపిల్లాడిలా అరిచాడు. ఒంటెను కూర్చోబెట్టి, వీపు మీది అద్దాల గుడ్డ మడతల్లో చెయ్యి పెట్టి వెతికితే, కుదుపుకు జారిన చెవి మిషన్ అక్కడ ఒక కుట్టు దారానికి చిక్కుకుని ఉంది.

పెద్దబాపు దాన్ని చొక్కా అంచుతో తుడిచి చెవిలో పెట్టుకున్నాడు. పెద్దమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది.

"ఇనవడ్తుందా?"

"ఆఁ."

"సగంల ఆగింది నేను చెప్పేది," అని, భజియాలు తింటూ ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెట్టింది. ఏ విషయమో నాకు జ్ఞాపకం లేదు. ఎవరి కోడలో పుట్టింటికి వెళ్ళిన కథ అనుకుంటాను. ఆయన ఒంటె పక్కనే నిలబడి చివరిదాకా విన్నాడు.

ఆ తర్వాత పెద్దబాపు ప్రతి ఆదివారం పెద్దమ్మను వెంటబెట్టుకుని సిటీ బస్సులో అడాజన్‌కు రావడం మొదలైంది. వచ్చి నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. "గా నల్ల తెర తెరువు. గీ గీత ఏం చేస్తది చెప్పు," అనేవాడు. అంకె మరీ బలహీనంగా ఉంటే వదిలెయ్యమని చెప్పే వరసను చూపిస్తే, పోగు తెగినప్పుడు మగ్గాన్ని ఆపే పిన్నుతో పోల్చాడు. సగటు తీసే వరస ఆయనకు బాగా నచ్చింది. "ఒక్కపారి ఇని నమ్మద్దు. మంచిగ పెట్టినవ్," అన్నాడు. వచ్చినప్పుడల్లా లిఫ్ట్ ఎక్కకుండా మెట్ల మీద ఒక్కో అంతస్తులో ఆగి, ఫోన్‌లో బ్లూటూత్ కింద ఎవరి పరికరాల పేర్లు వస్తున్నాయో చూసుకుంటూ పైకి వచ్చేవాడు. మా సొసైటీలో ఎవరు కొత్త టీవీ కొన్నారో నాకంటే ముందు ఆయనకు తెలిసేది.

ఆయన కోసం ఫోన్‌లో నడిచే చిన్న యాప్ ఒకటి రాసిచ్చాను. తెర మీద తెలుగులో పరికరం పేరు, కింద పెద్ద అంకె. దగ్గరికి వెళ్తుంటే బీప్ బీప్‌మని మోగుతుంది, ఎంత దగ్గరైతే అంత వేగంగా. ఆ మోత పెట్టినందుకు నాకే గర్వంగా ఉండేది. మైనస్ తీసేసి సులువు చేస్తానంటే ఒప్పుకోలేదు. "బాయి బాయి లెక్కనే ఉండనియ్యి," అన్నాడు.

లింబాయత్‌లో మగ్గాల మీద పనిచేసే పెళ్ళికాని కుర్రవాళ్ళు ఒక్కో గదిలో పదిమంది దాకా ఉంటారు. అందరి చెవుల్లోనూ ఇయర్‌బడ్స్. అవి పోవడం, దొరకడం రోజూ ఉండే పనే. ఎవరిది పోయినా, "కాకాను పిలువుండ్రి," అనేవాళ్ళు. ఆయన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, డాక్టరులా బయల్దేరేవాడు. పరుపు కింద, బియ్యం సంచి వెనక, ఒకసారి ఇడ్లీ పిండి గిన్నెలో దొరికాయి. దొరికితే ఒక చాయ్ తాగేవాడు. దొరకకపోయినా తాగేవాడు.

ఒక ఆదివారం వచ్చి, కూర్చోకుండానే ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"గా సప్పుడు తీసెయ్యి బిడ్డా."

"ఎందుకు? నీకు వినబడటం లేదా?"

"మంచిగ ఇనవడుతుంది. అందుకే తియ్యమంటున్న. సప్పుడు అద్దు, చేతుల జర వణికితే సాలు. అంకె గూడ చిన్నగ చెయ్యి. నాకొక్కనికి కనవడాలె."

ఏమైందని అడిగాను. పెద్దమ్మ వంటింట్లోకి వెళ్ళాక, బాల్కనీలో నిలబడి చెప్పాడు. ఆ గదుల్లో ఒకదానిలో కొత్తగా కొన్న ఇయర్‌బడ్స్ పోయాయి. పోగొట్టుకున్నవాడు కోపంలో ఉన్నాడు, గదిలో ఎవరో తీశారని గట్టిగా అంటున్నాడు, తీసినవాడు దొరికితే కొట్టి ఊరికి తరిమేద్దామని మిగతావాళ్ళూ అంటున్నారు. పెద్దబాపు ఫోన్ పట్టుకుని గదంతా తిరిగాడు. గోడకు తగిలించిన ఒక సంచి దగ్గరికి వెళ్ళేసరికి అంకె నలభైకి వచ్చింది, మోత ఎక్కువైంది.

"నా చెవి మిషన్ల మోగితే అందరి చెవులల్ల మోగినట్టే అనిపించింది బిడ్డా. తల ఎత్తి సూసిన. ఒక్క పిలగాని మొకంల నెత్తురు లేదు. ఇరవై ఏండ్లు గూడ ఉండయ్. వాడు నా దిక్కే సూస్తుండు."

"మరి నువ్వేం చేశావు?"

"ఫోన్ బంద్ చేసిన. చార్జింగ్ అయిపోయింది, రేపు పొద్దుగాల అస్త అని చెప్పిన. నేను అచ్చేలోగా గదంత ఒక్కసారి ఊడ్సి పెట్టుండ్రి, నాకు దుమ్ము పడది అన్న."

మర్నాడు పొద్దున ఆయన వెళ్ళేసరికి, ఊడుస్తుంటే చాప కింద దొరికాయని గదిలోవాళ్ళే ఎదురొచ్చి చెప్పారట. పోగొట్టుకున్నవాడు అందరికీ చాయ్ పోయించాడట.

"వాడు మళ్ళీ తీస్తే?" అని అడిగాను.

"తియ్యడు. మొకం సూడబట్టే నేను గిన్నేండ్లు బతికింది. నాకు ఎరుకైతది," అన్నాడు. లోపలికి ఒకసారి చూసి, "వాడెవడో నువ్వు అడుగకు. మీ పెద్దమ్మకు గూడ నేను చెప్పలేదు," అన్నాడు.

నేను అప్పటికప్పుడే మోత తీసేశాను. అంకెను ఆయన బొటనవేలు కింద దాగేంత చిన్నది చేశాను. ఫోన్ చేతిలో పెట్టుకుని, అది వణుకుతోందో లేదో సోఫా చుట్టూ తిరిగి చూసుకుని, "గిప్పుడు మంచిగుంది," అన్నాడు. నేను రాసిన కోడ్‌ను మా ఆఫీసులో చాలామంది మెచ్చుకున్నారు. దేన్ని తీసెయ్యాలో చెప్పినవాడు మాత్రం ఆయనొక్కడే.

పెద్దబాపును తాపీ నది ఒడ్డుకు తీసుకెళ్ళేటప్పుడు లింబాయత్ గదుల నుంచి కుర్రవాళ్ళు వచ్చారు. పని దిగి నేరుగా వచ్చారేమో, జుట్టులో నూలు దూది అలాగే ఉంది. పాడె మొయ్యడానికి ఒకరి తర్వాత ఒకరు భుజం మార్చుకున్నారు. ఆ పిల్లవాడు వాళ్ళలో ఉన్నాడో లేదో నాకు తెలియదు. ముఖాల్లోకి చూసి కనుక్కోవాలని కూడా అనిపించలేదు. ఆయన అడుగకు అన్నాడు.

పెద్దమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. ఎక్కువ మాట్లాడటం లేదు. మొన్న అన్నం తింటుంటే పాప దగ్గరికి జరిగి, "అమ్మమ్మా, ఏదైనా చెప్పవా," అంది. పెద్దమ్మ అన్నం కలుపుతూ కూర్చుంది. పాప లేచి వెళ్ళలేదు, కంచం ముందు పెట్టుకుని ఎదురుచూసింది. చాలాసేపటికి, "మీ తాత కొత్తల సూరత్‌కు అచ్చినప్పుడు..." అని మొదలుపెట్టింది.

ఆయనను చివరిసారి చూసింది పోయే ముందు ఆదివారం సాయంత్రం. ఇద్దరూ మా ఇంట్లో చాయ్ తాగి, లింబాయత్‌కు బయల్దేరారు. మా బాల్కనీ నుంచి సొసైటీ గేటు ఎదుటి బస్ స్టాప్ కనిపిస్తుంది. ఆరిన బట్టలు తియ్యడానికి వెళ్ళి కిందికి చూశాను. పెద్దమ్మ చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. ఆమె పొట్టిది కావడంతో ఆయన నడుము వంచి, తల పక్కకు వాల్చి, కుడిచెవి ఆమె వైపు పెట్టి వింటున్నాడు. వాళ్ళు ఎక్కవలసిన బస్సు వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఇద్దరు ముగ్గురు ఎక్కారు. డ్రైవర్ కాసేపు చూసి హారన్ కూడా కొట్టాడు. తలుపులు మూసుకుని బస్సు వెళ్ళిపోయింది. దాని వెనక లేచిన దుమ్ములో వాళ్ళిద్దరూ ఉన్నచోటే ఉన్నారు, ఆమె ఇంకా చెబుతూనే ఉంది, ఆయన ఇంకా వంగే ఉన్నాడు.